గ్లోమెరులస్ జబ్బులను స్లైడు మీద ఎలా వేరు చేయాలి? ముందు చోటు చూడండి

ప్రశ్న అడిగినవారు పాథాలజీ పీజీ రెండో సంవత్సరంలో ఉన్నారు. వారి సందేహం క్లుప్తంగా ఇది. ఒంటినిండా వాపు, మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతున్న యాభై ఏళ్ల వ్యక్తి కిడ్నీ బయాప్సీ చూశారు. గ్లోమెరులస్‌లలో, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న ఉండల్లో, గులాబీ రంగు గుండ్రటి ముద్దలు కనిపించాయి. వెంటనే షుగర్ వల్ల వచ్చిన జబ్బు అని రాశారు. ఆయనకు షుగరే లేదని తర్వాత తెలిసింది. "గ్లోమెరులస్ జబ్బులన్నీ నా కంటికి ఒకేలా కనిపిస్తున్నాయి, ఏ గుర్తు పట్టుకుని వేరు చేయాలి?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఏ ఒక్క గుర్తుతోనూ గ్లోమెరులస్ జబ్బు పేరు తేల్చలేం. మార్పు ఏ చోట ఉంది, అక్కడ పేరుకున్నది ఏమిటి, ఎన్ని గ్లోమెరులస్‌లలో ఎంత మేర ఉంది అనే మూడు ప్రశ్నలకూ జవాబు దొరికితేనే పేరు పెట్టగలం. మామూలు మైక్రోస్కోప్ మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ చాలావరకు జవాబిస్తుంది. పేరుకున్నది ఏమిటో ఇమ్యునోఫ్లోరోసెన్స్, అంటే మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలతో వెతికే పరీక్ష, చెబుతుంది. సరిగ్గా పొరకు ఏ వైపున పేరుకుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపిస్తుంది. మీరు స్లైడులో ముద్దను చూశారు, అది నిజంగా ఉంది. అయితే ముద్ద అనేది ఒక ఆకారం. కనీసం అయిదారు జబ్బులు ఆ ఆకారంలో కనిపిస్తాయి.

ఇరవై ఏళ్లకు పైగా కిడ్నీ బయాప్సీలు చదవడమే నా పని. పీజీలకు నేర్పేటప్పుడు జబ్బుల జాబితాతో ఎప్పుడూ మొదలుపెట్టను, చోట్లతో మొదలుపెడతాను. గ్లోమెరులస్ అంటే దాదాపు 0.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కేశనాళికల ఉండ. అందులో చూడవలసిన చోట్లు నాలుగే: కేశనాళిక లోపలి ఖాళీ, కేశనాళిక గోడ, నాళికలను కలిపి పట్టుకునే మెసాంజియం, ఉండ చుట్టూ ఉన్న బౌమన్ ఖాళీ. గోడలో మళ్లీ మూడు వరుసలు ఉంటాయి. రక్తం వైపు ఎండోథీలియం, మధ్యలో ఆధార పొర, బయటి వైపు పాదాలు చాచి కూర్చున్న పోడోసైట్లు. పెద్దవారిలో ఆధార పొర మందం సుమారు 300 నుంచి 400 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోప్ చూపగలిగే హద్దుకు అది చాలా దగ్గర. అందువల్లనే పొరలోని చిన్న మార్పులు మామూలుగా వాడే హెచ్ అండ్ ఇ స్టెయిన్‌లో (రంగులో) దొరకవు, పొరను నల్లగా చూపే సిల్వర్ స్టెయిన్ వేయాల్సి వస్తుంది.

చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ఒక్కసారి అర్థమైతే సగం బట్టీ పట్టే బాధ తప్పుతుంది. ఇమ్యూన్ పదార్థాలు ఆధార పొరకు బయటి వైపు, అంటే పోడోసైట్ కింద పేరుకుంటే వాటికీ రక్తానికీ మధ్య పొర అడ్డుగా ఉంటుంది. కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రోటీన్ల వ్యవస్థ) రగిలినా తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుకు రాలేవు. దెబ్బ పోడోసైట్ మీద పడుతుంది, ప్రోటీన్ కారిపోతుంది, గ్లోమెరులస్‌లో కణాలు మాత్రం పెరగవు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ ఇదే. అవే పదార్థాలు లోపలి వైపు, ఎండోథీలియం కింద గానీ మెసాంజియంలో గానీ పేరుకుంటే రక్తంతో నేరుగా సంబంధం ఉంటుంది. కణాలు పెరుగుతాయి, న్యూట్రోఫిల్స్ చేరతాయి, మూత్రంలో రక్తం పడుతుంది. లూపస్ (శరీరం తన కణాల మీదే దాడి చేసే జబ్బు), ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్ (గ్లోమెరులస్ వాపు) ఈ దారిలో నడుస్తాయి. ఇన్ఫెక్షన్ తర్వాతి జబ్బులో బయటి వైపు పెద్ద గూనుల్లాంటి డిపాజిట్లు కూడా కనిపిస్తాయి కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. అయితే అక్కడ వాపును రగిలించేవి లోపలి వైపున, మెసాంజియంలో ఉన్న డిపాజిట్లు. బయటి గూనులు మనకు గుర్తుపట్టడానికి పనికొస్తాయి.

స్లైడు నాణ్యత గురించి ఒక మాట చెప్పక తప్పదు. కిడ్నీ బయాప్సీ కోతలు 2 నుంచి 3 మైక్రాన్లకు మించకూడదు. రెండో అభిప్రాయం కోసం నా దగ్గరకు వచ్చే స్లైడుల్లో 5 మైక్రాన్ల కోతలు తరచూ ఉంటాయి. ఆ మందంలో ఏ గ్లోమెరులస్ అయినా కణాలతో కిక్కిరిసినట్లే కనిపిస్తుంది. సన్నటి కోతలో ఒక మెసాంజియల్ ప్రాంతంలో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ కణాలు ఉంటేనే పెరుగుదల అనాలి. మందపాటి కోతలో ఈ లెక్కకు అర్థం లేదు. మీ టెక్నీషియన్‌తో కూర్చుని కోత మందం సరిచేయించుకోవడం మీరు చదివే పది అధ్యాయాలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మొదటి చిక్కు: అంతా మామూలుగా కనిపించే గ్లోమెరులస్

నెఫ్రోటిక్ సిండ్రోమ్ (ప్రోటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాచడం) ఉంది, స్లైడులో మాత్రం గ్లోమెరులస్‌లు బాగానే ఉన్నాయి. పిల్లల్లో అయితే మినిమల్ చేంజ్ జబ్బు మొదట గుర్తుకు రావాలి. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో ఏమీ ఉండదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పోడోసైట్ల పాదాలు దాదాపు అంతటా చదునైపోయి ఉంటాయి. కానీ ఇదే ముఖంతో మరో మూడు జబ్బులు తప్పించుకుపోగలవు: బయాప్సీలో పడని ఎఫ్.ఎస్.జి.ఎస్. (ఫోకల్ సెగ్మెంటల్ గ్లోమెరులోస్క్లీరోసిస్), తొలి దశ మెంబ్రేనస్, తొలి దశ అమిలాయిడ్ (అసహజ ప్రోటీన్ పోగులు పేరుకునే జబ్బు).

ఎఫ్.ఎస్.జి.ఎస్.లో కొన్ని గ్లోమెరులస్‌లే, వాటిలోనూ కొంత భాగమే గట్టిపడుతుంది. లెక్క వేసి చూడండి. కిడ్నీలో పదింట ఒక గ్లోమెరులస్‌కు జబ్బు ఉందనుకుందాం. మీ బయాప్సీలో 5 గ్లోమెరులస్‌లే ఉంటే జబ్బున్నది ఒక్కటి కూడా పడకపోయే అవకాశం 59 శాతం. 10 ఉంటే 35 శాతం, 20 ఉంటే 12 శాతం. పైగా ఈ జబ్బు కార్టెక్స్ (కిడ్నీ బయటి భాగం) లోతున, మెడుల్లాకు (లోపలి భాగానికి) దగ్గరగా ఉన్న గ్లోమెరులస్‌లలో ముందు మొదలవుతుంది. బయాప్సీ పైపైన పడితే అవి రానే రావు. అందుకే రిపోర్టులో గ్లోమెరులస్‌ల సంఖ్య, లోతు పొర వచ్చిందా లేదా అన్నది తప్పకుండా రాస్తాను. వరుస కోతలన్నీ చూడకుండా మినిమల్ చేంజ్ అనను. పాదాల చదును ఎంత మేర ఉందన్నది ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ప్రైమరీ ఎఫ్.ఎస్.జి.ఎస్.లో అంతటా ఉంటుంది. స్థూలకాయం వల్లనో, మిగిలిన కొద్ది నెఫ్రాన్ల మీద భారం పడటం వల్లనో వచ్చిన దాంట్లో అక్కడక్కడా ఉంటుంది. గట్టిపడిన భాగం ట్యూబ్యూల్ (మూత్రం సాగే సన్నటి గొట్టం) మొదలయ్యే కొన దగ్గర ఉంటే మందుకు లొంగే అవకాశం ఎక్కువ. ఉండ కుప్పకూలి, పైన పోడోసైట్లు గుంపుగా పెరిగి ఉంటే అది కొలాప్సింగ్ రకం. హెచ్.ఐ.వి. పరీక్ష చేయించమని వెంటనే చెప్పాలి.

తొలి దశ మెంబ్రేనస్ నాకు నేర్పిన పాఠం ఇప్పటికీ బాధ పెడుతుంది. పనిలో చేరిన రెండో ఏడాది, ముప్పై దాటిన ఒక మహిళ బయాప్సీ వచ్చింది. స్లైడులు శుభ్రంగా ఉన్నాయి. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కు పంపిన ముక్కలో మెడుల్లా మాత్రమే ఉంది, గ్లోమెరులస్ ఒక్కటీ లేదు. నేను మినిమల్ చేంజ్ అని రాశాను. నెలల తరబడి స్టెరాయిడ్లు వాడారు, ముఖం ఉబ్బింది, ప్రోటీన్ మాత్రం తగ్గలేదు. రెండోసారి బయాప్సీ చేస్తే సిల్వర్ స్టెయిన్‌లో దువ్వెన పళ్ల లాంటి ముళ్లు స్పష్టంగా కనిపించాయి. మొదటి బ్లాకు (పారఫిన్ మైనంలో దాచిన కణజాలం) తీసి పారఫిన్ ముక్క మీదే ఇమ్యునోఫ్లోరోసెన్స్ చేస్తే ఐ.జి.జి. అనే యాంటీబాడీ అప్పుడే ఉంది. ఇమ్యునోఫ్లోరోసెన్స్ ముక్కలో గ్లోమెరులస్ లేకపోతే పారఫిన్ బ్లాకు మీద ప్రోనేజ్ అనే ఎంజైమ్ వాడి ఆ పరీక్ష చేయండి. అది చేయకుండా "ఏమీ లేదు" అని రాయకండి.

కేశనాళిక గోడ మందంగా ఉంటే

మెంబ్రేనస్‌లో డిపాజిట్ల మధ్య ఆధార పొర కొత్తగా పెరిగి పైకి లేస్తుంది. సిల్వర్ స్టెయిన్ పొరను నల్లగా పడుతుంది, డిపాజిట్లను పట్టదు. అందుకే నల్లటి ముళ్లు, మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. మరికొంత ముదిరితే ముళ్లు డిపాజిట్లను చుట్టేసి గొలుసుల్లా అవుతాయి. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో గోడ వెంట సన్నటి ఇసుక చల్లినట్లు ఐ.జి.జి., కాంప్లిమెంట్ ప్రోటీన్ అయిన సి3 ఉంటాయి.

2009లో పి.ఎల్.ఎ.2.ఆర్. అనే యాంటిజెన్‌ను (యాంటీబాడీలు గురిపెట్టే పదార్థాన్ని) కనుగొన్నాక ఈ జబ్బును చదివే తీరే మారిపోయింది. ప్రైమరీ మెంబ్రేనస్‌లో సుమారు 70 శాతం మందికి ఇదే కారణం. ఇది కణజాలంలో కనిపించకపోతే మిగిలిన కారణాలు వెతకాలి. మన దక్షిణాది డాక్టర్లు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది నెల్1 అనే మరో యాంటిజెన్ ఉన్న రకం. పాదరసం ఉన్న నాటు మందులు, చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవారిలో ఈ రకం కనిపిస్తోందని తమిళనాడు, కేరళ నుంచి వచ్చిన పరిశీలనలు చెబుతున్నాయి. ఇందులో డిపాజిట్లు గ్లోమెరులస్ అంతటా ఒకేలా కాకుండా కొన్ని భాగాల్లోనే ఉండవచ్చు. నా రిపోర్టులో నెల్1 పాజిటివ్ వస్తే నెఫ్రాలజిస్టుకు ఫోన్ చేసి "ముఖానికి ఏం రాసుకుంటున్నారో, ఏ భస్మాలు మింగుతున్నారో అడగండి" అని చెబుతాను. ఒక అమ్మాయి విషయంలో క్రీము డబ్బా దొరికింది. అది మానేశాక కొన్ని నెలల్లో ప్రోటీన్ తగ్గిపోయింది, పెద్ద మందులు అక్కర్లేకుండానే. క్యాన్సర్ ఉన్నవారిలో కూడా ఈ రకం రావచ్చు. వయసు మళ్లినవారిలో ఆ దిశగా కూడా వెతకాలి.

మెంబ్రేనస్ ఆకారంలో ఉండి మెసాంజియంలో కూడా డిపాజిట్లు ఉంటే, సి1క్యూ అనే మరో కాంప్లిమెంట్ ప్రోటీన్ బలంగా ఉంటే, లూపస్ అనుకోండి.

గోడ రెండు గీతలుగా, రైలు పట్టాల్లా కనిపిస్తే ఆలోచన ఇంకో దారిలో సాగాలి. లోపలి వైపు దెబ్బ తగిలి, దాని పక్కన రెండో పొర పుట్టిందని అర్థం. ఆకారానికి మెంబ్రేనోప్రొలిఫరేటివ్ అని పేరు. జబ్బుకు కాదు. ఇమ్యునోగ్లోబ్యులిన్లు, సి3 కలిసి ఉంటే హెపటైటిస్ సి, ఆటోఇమ్యూన్ జబ్బులు, మోనోక్లోనల్ ప్రోటీన్లు (ఒకే కణ వంశం తయారుచేసే యాంటీబాడీలు) వెతకాలి. మిగతా వాటికంటే సి3 కనీసం రెండు గ్రేడులు ఎక్కువగా వెలిగితే సి3 గ్లోమెరులోపతీ. అసలు ఏదీ వెలగకపోతే త్రాంబోటిక్ మైక్రోయాంజియోపతీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు) గురించి ఆలోచించి, చిన్న ధమనులను మళ్లీ చూడాలి.

కణాలు పెరిగి ఉంటే

గ్లోమెరులస్‌లన్నీ ఉబ్బి, కేశనాళికలు మూసుకుపోయి, న్యూట్రోఫిల్స్ నిండి ఉంటే ఇన్ఫెక్షన్ తర్వాతి జబ్బు. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో చుక్కల ఆకాశంలా సి3 మెరుస్తుంది. చర్మం మీద పుండ్లు పడిన పిల్లల్లో మనం దీన్ని ఇప్పటికీ చూస్తున్నాం. రక్తంలో సి3 సాధారణంగా 8 నుంచి 12 వారాల్లో మామూలుకు వస్తుంది. రాకపోతే స్లైడు మళ్లీ తీసి, సి3 గ్లోమెరులోపతీ కాదు కదా అని చూసుకోవాలి.

ఐ.జి.ఎ. నెఫ్రోపతీకి మామూలు మైక్రోస్కోప్‌లో తనదంటూ ఒక్క ముఖం లేదు. 1968లో బెర్జర్, హింగ్లే ఇమ్యునోఫ్లోరోసెన్స్‌తో చూసేదాకా ఈ జబ్బు ఉన్నదే తెలియలేదు. ఈ రోజుకూ ఆ పరీక్ష లేనిదే పేరు పెట్టలేం. మెసాంజియంలో ఐ.జి.ఎ. అన్నిటికంటే ఎక్కువగా ఉండాలి, యాంటీబాడీల్లో ఉండే రెండు రకాల లైట్ చైన్లలో లాంబ్డా చాలాసార్లు కాపాకంటే ప్రకాశంగా ఉంటుంది. సి1క్యూ ఉండదు. ఇక్కడొక ప్రమాదం ఉంది. కాలి పుండుతో బాధపడుతున్న షుగర్ రోగికి హఠాత్తుగా కిడ్నీ దెబ్బతిని, బయాప్సీలో ఐ.జి.ఎ. వెలిగితే తొందరపడకండి. స్టెఫిలోకాకస్ ఇన్ఫెక్షన్ వల్ల కూడా ఐ.జి.ఎ. ఎక్కువగా ఉన్న గ్లోమెరులోనెఫ్రైటిస్ వస్తుంది. సి3 ఐ.జి.ఎ.కంటే బలంగా ఉండటం, న్యూట్రోఫిల్స్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో బయటి గూనులు ఉండటం దాని గుర్తులు. అక్కడ స్టెరాయిడ్ ఇస్తే ఇన్ఫెక్షన్ చెలరేగుతుంది. అటువంటి ఇద్దరిని నేను చూశాను. ఇద్దరికీ పుండు శుభ్రం చేసి, యాంటిబయాటిక్ ఇవ్వడమే వైద్యం అయింది.

లూపస్ దాదాపు అన్ని చోట్లకూ పాకుతుంది. ఐ.జి.జి., ఐ.జి.ఎ., ఐ.జి.ఎమ్., సి3, సి1క్యూ అన్నీ వెలిగితే ఫుల్ హౌస్ అంటాం. గోడ తీగలా బిగుసుకున్నట్లు గులాబీ రంగులో మందంగా ఉండటం, కేశనాళికలో గాజులాంటి ముద్దలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎండోథీలియల్ కణాల్లో ట్యూబ్యులోరెటిక్యులర్ చేరికలు, ఇవన్నీ కలిసి వస్తే సందేహం ఉండదు.

నెలవంకలు కనిపిస్తే ముందు ఫోన్ తీయండి

బౌమన్ ఖాళీలో కణాలు నెలవంకలా పేరుకుంటే కిడ్నీ రోజుల్లో దెబ్బతినవచ్చు. నెలవంక ఏ జబ్బుకూ సొంతం కాదు, దెబ్బ తీవ్రతను మాత్రమే చెబుతుంది. ఐ.జి.జి. గోడ వెంట గీత గీసినట్లు సన్నగా, తెగకుండా వెలిగితే యాంటీ జి.బి.ఎమ్. జబ్బు (ఆధార పొర మీదే యాంటీబాడీలు దాడి చేసేది). ఇసుకలా వెలిగితే ఇమ్యూన్ కాంప్లెక్స్ జబ్బు. దాదాపు ఏమీ వెలగకపోతే ఆంకా జబ్బు (న్యూట్రోఫిల్స్ మీద పనిచేసే యాంటీబాడీల వల్ల వచ్చేది). మొదటి దాంట్లో నెలవంకలన్నీ ఒకే వయసులో ఉంటాయి, ఆంకాలో పచ్చివీ ముదిరినవీ కలిసి కనిపిస్తాయి. షుగర్ రోగుల్లో కూడా ఐ.జి.జి. గీతలా వెలుగుతుంది, ఆల్బుమిన్ కూడా అలాగే వెలుగుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి పోల్చండి. రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే నెఫ్రాలజిస్టుకు చెప్పాలి.

ఇక మీ ముద్దల సంగతి

షుగర్ వల్ల వచ్చే ముద్దను 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ వర్ణించారు. అది పి.ఎ.ఎస్. అనే స్టెయిన్‌లో గులాబీగా, సిల్వర్‌లో నల్లగా పడుతుంది, పొరలు పొరలుగా ఉంటుంది. ఒక గ్లోమెరులస్‌లో పెద్దది, పక్కదాంట్లో చిన్నది, మరోదాంట్లో లేనే లేదు, ఇలా అసమానంగా ఉంటుంది. చుట్టూ కేశనాళికలు ఉంగరంలా ఉబ్బి ఉండవచ్చు. అన్నిటికంటే నేను నమ్మే గుర్తు చిన్న ధమనుల్లో ఉంటుంది. గ్లోమెరులస్‌లోకి వచ్చే దాంట్లోనూ బయటికి పోయే దాంట్లోనూ, రెండింటిలోనూ గాజులాంటి మార్పు ఉంటే షుగర్ వైపు బలంగా మొగ్గుతాను.

అమిలాయిడ్ ముద్దలో కణాలు దాదాపు ఉండవు. పి.ఎ.ఎస్.లో వెలవెలబోతూ ఉంటుంది, సిల్వర్‌ను పట్టదు. రక్తనాళాల గోడల్లో కూడా వెతకండి. కాంగో రెడ్ వేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే ఆపిల్ పచ్చ రంగు మెరవాలి. ఈ ఒక్క స్టెయిన్‌కు మాత్రం కోత 8 నుంచి 10 మైక్రాన్లు ఉండాలి. పల్చటి కోతలో కొద్దిపాటి అమిలాయిడ్ కనిపించకుండా పోతుంది. మన దగ్గర ఏళ్ల తరబడి క్షయ, కీళ్లవాతం ఉన్నవారిలో ఎ.ఎ. రకం ఇంకా వస్తోంది కాబట్టి లైట్ చైన్లతో పాటు ఆ స్టెయిన్ కూడా వేయాలి.

లైట్ చైన్ డిపాజిషన్ జబ్బు షుగర్‌ను అచ్చు పోలి ఉంటుంది. ముద్దలు పి.ఎ.ఎస్. పట్టి, సిల్వర్‌ను సరిగా పట్టవు. దాదాపు ప్రతి గ్లోమెరులస్‌లోనూ ఒకే పరిమాణంలో ఉంటాయి. ట్యూబ్యూల్ ఆధార పొరలు కూడా మందంగా ఉంటాయి. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో ఒకే లైట్ చైన్, ఎక్కువసార్లు కాపా, ఆ పొరల వెంట గీతలా వెలుగుతుంది. మెంబ్రేనోప్రొలిఫరేటివ్ ఆకారంలో అయితే ముద్దల నిండా కణాలు, గోడలో రైలు పట్టాలు ఉంటాయి. ఫిబ్రిల్లరీ జబ్బును ఇదివరకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో సుమారు 20 నానోమీటర్ల పోగులు చూస్తేనే తేల్చేవాళ్లం (అమిలాయిడ్ పోగులు 8 నుంచి 12). 2018 నుంచి డి.ఎన్.ఎ.జె.బి.9 అనే ప్రోటీన్‌ను చూపే స్టెయిన్ ఆ పని సులువు చేసింది. ఇవన్నీ కాదని తేలాక, ఏళ్ల తరబడి పొగతాగే, రక్తపోటు ఉన్న మనిషిలో షుగర్ లేకుండానే అచ్చం షుగర్ ముద్దలు రావచ్చు. ఆ పేరు మాత్రం అన్నిటికంటే చివర పెట్టాలి.

గట్టిపడి బంతిలా మారిన గ్లోమెరులస్‌ల మీద మాత్రం ఏ పేరూ పెట్టకండి. ఏ జబ్బైనా చివరకు అలాగే ముగుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే బయాప్సీల్లో ఇలాంటివి చూసి గ్లోమెరులస్ జబ్బు అనుకునే పొరపాటు జరుగుతుంటుంది. అక్కడి జబ్బు ప్రధానంగా ట్యూబ్యూళ్లకూ వాటి మధ్య కణజాలానికీ సంబంధించింది, మూత్రంలో ప్రోటీన్ తక్కువగా పోతుంది. మిగిలి ఉన్న మంచి గ్లోమెరులస్‌లను చూసి మాట్లాడాలి.

మీ రోగి బ్లాకు ఇంకా మీ దగ్గరే ఉంటుంది. రేపు ఈ వరుసలో చేయండి. మొదట సిల్వర్ స్లైడు మళ్లీ తీసి ముద్ద నల్లగా పట్టిందో లేదో, చిన్న ధమనులు రెండూ ఎలా ఉన్నాయో చూడండి. తర్వాత 8 మైక్రాన్ల కోతలో కాంగో రెడ్ వేయించండి. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో కాపా, లాంబ్డా రెండూ చేశారో లేదో కనుక్కోండి. చేయకపోతే పారఫిన్ మీద ప్రోనేజ్‌తో చేయించండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీ దగ్గర లేకపోయినా పారఫిన్ బ్లాకు నుంచే ముక్క తీసి, ఆ సదుపాయం ఉన్న కేంద్రానికి పంపవచ్చు. ఇకముందు మాత్రం ప్రతి బయాప్సీలో చిన్న ముక్కను గ్లుటరాల్డిహైడ్‌లో దాచి ఉంచండి. ఒకే లైట్ చైన్ వెలిగితే ఆలస్యం చేయకుండా నెఫ్రాలజిస్టుకు చెప్పి, రక్తంలో ఫ్రీ లైట్ చైన్లు, ఎముక మజ్జ పరీక్ష చేయించమనండి. యాభై ఏళ్ల వయసు, షుగర్ లేదు, ఇంత ప్రోటీన్ పోతోంది అంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే. సిల్వర్, కాంగో రెడ్ ఫలితాలు వచ్చాక ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.